పెర్రీ దొర కూతురు

మా వరంగల్‌లో ఒక ఇంగ్లీషు దొర చనిపోయిన నూట ఇరవై ఏళ్ళకు ఒక ఆడపిల్లకు తండ్రయ్యాడు. ఆ పిల్లను కన్నది నెక్కొండ దగ్గరి పల్లె నుంచి వచ్చిన యాకమ్మ.

నవ్వకండి. సరే, కొంచెం తగ్గిస్తాను. కన్నది యాకమ్మే, అందులో మార్పు లేదు. తండ్రి మాత్రం ఆమె మొగుడు మొండయ్యే. దొరకు ఆ పిల్లతో నెత్తురు సంబంధం ఏమీ లేదు. కానీ మా చర్చి వెనక సమాధుల తోటకు వెళ్ళి చూడండి. దొర కాళ్ళ దిక్కున ఒక చిన్న నల్లరాయి ఉంటుంది. ఆ పిల్ల దొరగారి కూతురని దాని మీద ఇంగ్లీషులో చెక్కి ఉంటుంది. రాతి మీద చెక్కిన మాటను కాదనడానికి నేనెవరిని? పైగా ఆ మాట పుట్టింది నా నోట్లోనే.

కాన్వెంటులో సిస్టర్ల బెత్తం దెబ్బలకు నాకు ఇంగ్లీషు వచ్చింది కానీ నిజం చెప్పే అలవాటు రాలేదు. మా మనవరాలు షారోన్ నేను ఏ ముచ్చట మొదలుపెట్టినా, "తాతా, ఇందులో నిజం ఎంత పర్సెంట్?" అని అడిగి గానీ వినదు. అందుకే ధైర్యంగా రాస్తున్నాను. యాకమ్మ సంగతి ఎవరో ఒకరు రాసిపెట్టాలి. అందరూ నమ్మే మనిషి రాస్తే ఆమెకు ముప్పు. నేను రాస్తే ఏ ముప్పూ లేదు.

మా సమాధుల తోటలో రెండు రకాల చావులున్నాయి. తూర్పు గోడ వెంట చింతచెట్ల నీడలో పాతకాలపు దొరల సమాధులు. రైలు పట్టాలు వేయించడానికి వచ్చి, ఇక్కడి జ్వరాలకు తట్టుకోలేక పోయినవాళ్ళు. ఒక్కొక్క సమాధి మూత వేసిన పెద్ద రాతి పెట్టెలాగా నడుమెత్తు ఉంటుంది. దాని చుట్టూ ఇంకో ఇద్దరు పడుకునేంత ఖాళీ జాగ. ఎండలో ఉన్న మిగతా తోట మాది. అక్కడ జాగ చాలక ఒకరి మీద ఒకరిని పెడతాం. మా అమ్మ మా తాత మీద ఉంది. నన్ను మా అమ్మ మీద పెడతారు. చిన్నప్పుడు ఎక్కి కూర్చున్నట్టే.

దొరల వరుసలో చివరిది పెర్రీది. వంతెనలు కట్టించే ఇంజనీరు. పెళ్ళయిన కొత్తలోనే పోయాడు. పెళ్ళాం రాయి పెట్టించి, ఓడెక్కి వాళ్ళ దేశం వెళ్ళిపోయింది. ఆ తర్వాత ఆయన కోసం ఎవరూ రాలేదు.

మొండయ్య గ్రానైట్ క్వారీలో రాళ్ళు కొట్టేవాడు. యాకమ్మ మా చర్చి ఆవరణ ఊడ్చేది. వెనక గల్లీలో ఒక్క గది కిరాయికి తీసుకుని ఉండేవాళ్ళు. ముప్పై ఏళ్ళ కిందట, మంచి ఎండాకాలంలో, దవాఖానలో ఆమెకు ఆడపిల్ల పుట్టింది. నెలలు నిండని పిల్ల. వారం తిరక్కుండానే ఒక ఆదివారం తెల్లవారుజామున పోయింది. దవాఖాన వాళ్ళు తెల్లగుడ్డలో చుట్టి తల్లి చేతిలో పెట్టారు.

పసిపిల్లలు పోతే వాళ్ళ ఇళ్ళలో కాల్చరు, పూడుస్తారు. సొంత జాగ ఉన్నవాళ్ళు ఇంటి వెనకో చెలకలోనో పెట్టుకుంటారు. కిరాయి గదికి వెనక ఏముంటుంది? మురుగు మోరీ ఉంటుంది. ఊరికి తీసుకుపోదామని బస్సెక్కితే, కండక్టరు చేతిలోని మూట చూసి దింపేశాడు. మొండయ్య నేరుగా చర్చికి వచ్చి, ఆరాధనకు ముందు వరండాలో నిలబడ్డ కమిటీ పెద్దలను అడిగాడు. బాప్తిస్మం లేనివాళ్ళకు ఇక్కడ జాగ ఇవ్వడానికి రూలు ఒప్పుకోదన్నారు. రూలు నిజమే. మా వాళ్ళకే చాలడం లేదన్నదీ నిజమే. నిజాలు ఇంత గట్టిగా ఉన్నచోట నాకు వాటి మీద మమకారం పోతుంది.

గంట కొట్టారు. అందరూ లోపలికి వెళ్ళారు. ప్రసంగం పూర్తయ్యేదాకా బయట చింతచెట్టు కింద బీడీ తాగడం అప్పట్లో నా భక్తి. అక్కడి నుంచి చూశాను. తూర్పు గోడ దగ్గర మొండయ్య గడ్డపారతో తవ్వుతున్నాడు. పక్కన యాకమ్మ, పచ్చి బాలింత, పెర్రీ దొర రాతికి వీపు ఆనించి కూర్చుంది. ఒడిలో మూట. లోపల పాట సాగుతోంది కనుక గడ్డపార చప్పుడు ఎవరికీ వినిపించలేదు, ఒక్క వాచ్‌మన్‌కు తప్ప. వాడు అటు తిరిగాడు.

నేను వాడి భుజం మీద చేయి వేసి, ఖాజీపేట స్టేషన్‌లో ఫస్ట్ క్లాస్ పెట్టె ఎక్కిన పులి ముచ్చట ఎత్తుకున్నాను. టీసీ వచ్చి పులిని టికెట్ అడిగాడు. పులి లేదంది. టీసీ ఫైన్ కట్టమన్నాడు. వాచ్‌మన్ పొట్ట పట్టుకుని నవ్వుతూ కూర్చుండిపోయాడు. పాట ఆగేదాకా పులిని డోర్నకల్ మీదుగా తిప్పి తెచ్చాను. అవతల గడ్డపార చప్పుడు ఆగింది. మొండయ్య అరచేతులతో మట్టి సాపు చేసి, పైన ఎండుటాకులు చల్లాడు. యాకమ్మ లేచి, గోడకు ఆనించి ఉన్న తన చీపురు తీసుకుంది. జనం బయటికి వచ్చే వేళకు ఆమె మెట్లు ఊడుస్తోంది.

మాకొక అలవాటుంది. ఈస్టర్ పొద్దున సమాధుల దగ్గర ప్రార్థన పెట్టుకుంటాం. గుడ్ ఫ్రైడే దాటకముందే ఎవరి సమాధికి వాళ్ళు సున్నం వేసుకోవాలి. సున్నం లేని సమాధి కనబడితే, వీళ్ళకు వెనక ఎవరూ లేరని చెప్పుకుంటారు. దొరల వరుస ఎప్పుడూ నల్లగానే ఉండేది. మరుసటి ఈస్టర్‌కు యాకమ్మ ఒక బకెట్టు, ఒక ఈత కుంచె తెచ్చి పెర్రీ దొర సమాధికి తెల్లగా సున్నం వేసింది. పిల్ల ఉన్న చోట వేస్తే పట్టుబడుతుంది కనుక దొరకు వేసింది. ఏటా వేస్తూ వేస్తూ కాళ్ళ దిక్కున నేల మీదికి కుంచె ఒకసారి ఎక్కువగా లాగేది. వెళ్ళేముందు అక్కడ పిడికెడు పేలాలు పెట్టేది. అడిగినవాళ్ళకు దొరకని చెప్పేది.

అప్పటి పాస్టరు దీన్ని చూసి కదిలిపోయి ప్రసంగంలోనే ఎత్తాడు. "ఈ అన్యురాలికి ఉన్న ప్రేమ మనకేది? తల్లీతండ్రీ లేని పరదేశి సమాధిని తన బిడ్డలా చూసుకుంటోంది" అని మైకులో అన్నాడు. అన్యురాలంటే మా చర్చి భాషలో బయటి మనిషని. ఆ మాట అంటున్నప్పుడు ఆ అన్యురాలు గుమ్మం దగ్గర చెప్పులు సర్దుతోంది. తల ఎత్తలేదు.

ఏళ్ళు గడిచాయి. పాస్టర్లు మారారు. యాకమ్మకు మళ్ళీ కడుపు నిలవలేదు. మొండయ్య ఊపిరితిత్తుల నిండా రాతి దుమ్ము పట్టి పోయాడు. అతన్ని ఊళ్ళో పెట్టి వచ్చి, వారానికే ఆమె చీపురు పట్టింది. సున్నం పొర మీద పొర పడి పెర్రీ దొర పేరు, ఊరు, పుట్టిన ఏడు, పోయిన ఏడు అన్నీ అందులో మునిగిపోయాయి.

పోయినేడు చలికాలంలో ఆ దొర అన్నకు మునిమనవరాలు వెతుక్కుంటూ వచ్చింది. పేరు జిలియన్. డెబ్బై దాటిన మనిషి, నాకంటే గట్టిగా నడుస్తోంది. ఇప్పుడు మా చర్చికి సెక్రటరీ దేవదానం. అతను నన్ను పిలిపించాడు. "అంకుల్, మీది పాతకాలపు ఇంగ్లీషు. ఆమెకు మంచిగ అర్థమైతది. కానీ జర ముచ్చట్లు కల్పించకుండ చెప్పుండ్లి" అన్నాడు.

తెల్లగా మెరిసే సమాధిని చూసి ఆమె సంతోషించలేదు. వేలితో తడిమింది. అక్షరాలు ఏమయ్యాయని అడిగింది. సున్నం కింద ఉన్నాయన్నాను. ఆమె ఫోను తీసి వాళ్ళ ఊరి చర్చి ఫొటోలు చూపించింది. పచ్చగడ్డిలో సరిగ్గా ఇలాంటివే రాతి పెట్టెలు, మూడు వందల ఏళ్ళవి. కొన్ని ఒక పక్కకు ఒరిగాయి. నాచు పట్టాయి. రాతి మీద చెక్కిన దేవదూతల ముక్కులు అరిగిపోయాయి. అయినా ఎవరూ ముట్టుకోరట. అవి ప్రభుత్వం రక్షణలో ఉన్నాయట. ఒక్క రాయి కదపాలన్నా పైనుంచి అనుమతి రావాలట. అవన్నీ వాళ్ళ వంశంవాళ్ళవే. ఇంత దూరంలో పడి ఉన్న ఈ ఒక్కణ్ణి కూడా అంత బాగా చూసుకోవాలని ఆమె కోరిక. ఖర్చంతా ఆమెదే.

దేవదానం ముఖం వెలిగిపోయింది. మేస్త్రీని అప్పుడే పిలిచాడు. సున్నం గీకేయాలి. సమాధి చుట్టూ నడుం లోతు తవ్వి కాంక్రీటు పోయాలి. పైన బండలు పరచాలి. చుట్టూ ఇనుప రెయిలింగు పెట్టాలి. పని రేపటి నుంచే.

యాకమ్మ కొంచెం దూరంలో ఊడుస్తోంది. వాళ్ళు కొలతలు తీసుకుంటుంటే నా దగ్గరికి వచ్చింది.

"ఏమంటాండ్లు పెద్దయ్యా?"

చెప్పాను.

"కాళ్ళ దిక్కు గూడ తవ్వుతరా?"

"నాలుగు దిక్కులా తవ్వుతరట."

చీపురు ఆగిపోయింది. ఆమె నేల వైపే చూస్తోంది.

"యాకమ్మా, ఉన్నమాట చెప్దాం. దేవదానం మెత్తని మనిషే" అన్నాను.

"ఉన్నమాట అప్పుడు మా ఆయన చెప్పిండు గద. ఏమాయె?" అంది. తర్వాత గొంతు తగ్గించింది. "నీకు అబద్ధాలు మంచిగొస్తయి పెద్దయ్యా. అప్పుడు వాచ్‌మన్‌కు పులి ముచ్చట చెప్పి మమ్ముల గట్టెక్కించినవు. ఇప్పుడింకొకటి చెప్పు. దాన్ని తవ్వకుంట చెయ్యి. ఇంకేం అడుగ నిన్ను."

ఒకరు కోరి చెప్పించుకున్న అబద్ధం నా జన్మలో అదొక్కటే.

జిలియన్ దగ్గరికి వెళ్ళి, నా కాన్వెంటు ఇంగ్లీషులో, కాళ్ళ దిక్కున తవ్వకూడదన్నాను. ఎందుకంది. దొర పోయేనాటికి ఆయన భార్య కడుపుతో ఉందనీ, ఆ దుఃఖంలో నెలలు నిండకుండానే కాన్పయిందనీ, వారం లోపే పోయిన ఆ బిడ్డను తండ్రి కాళ్ళ దగ్గర పెట్టారనీ చెప్పాను. రాయి అప్పటికే చెక్కేశారు కనుక బిడ్డ మాట దాని మీద లేదన్నాను. ఇదంతా మా తాతకు వాళ్ళ నాయన చెప్పాడన్నాను. దేవదానం కళ్ళు పెద్దవి చేశాడు.

"గీ ముచ్చట మేమెన్నడూ ఇనలేదు అంకుల్?"

"మీ నాయన పుట్టకముందటిదిరా. నీకెట్ల తెలుస్తది?"

జిలియన్ నా చేయి పట్టుకుంది. మగపిల్లాడా, ఆడపిల్లా అని అడిగింది. నేను వెనక్కి తిరిగి, తెలుగులో, ఎవరినో అడుగుతున్నట్టు గట్టిగా అన్నాను: "మగబిడ్డనా ఆడబిడ్డనా అంటాంది."

యాకమ్మ ఆకులు ఎత్తుతూ తల ఎత్తకుండానే, "పొల్ల" అంది.

ఆడపిల్ల అని చెప్పాను. పేరు అడిగింది. నేను మళ్ళీ వెనక్కి తిరిగాను.

"పేరు యాడిది? పుట్టిన ఇరవై ఒకటో నాడు గద పెట్టేది. గందాక ఉన్నదా?" అంది యాకమ్మ.

పేరు పెట్టేదాకా బతకలేదన్నాను. దేవదానం, "ఆమెనెందుకు అడుగుతాండ్లు అంకుల్?" అన్నాడు. ఇక్కడ ఊడ్చేవాళ్ళకు అన్ని ముచ్చట్లూ తెలుస్తాయని సర్దేశాను.

అప్పుడు జిలియన్ మోకాళ్ళ మీద కూర్చుంది. మట్టి మీద అరచేయి పెట్టింది. ఏడ్చింది. దొంగ ఏడుపు కాదు. ముక్కు చీదుకుంటూ, భుజాలు కదిలేలా ఏడ్చింది. ఆ పిల్ల కోసం వరంగల్‌లో నలుగురి ముందు ఏడ్చిన మొదటి మనిషి ఆమే. కన్నతల్లికి ఆ వీలు ముప్పై ఏళ్ళలో దొరకలేదు. ఇప్పుడూ దొరకలేదు. ఆకుల బుట్ట చంకన పెట్టుకుని నిలబడి చూసింది, అంతే.

జిలియన్ కళ్ళు తుడుచుకుని, పిల్లకు తన నానమ్మ పేరు పెడతానంది. ఆలిస్. చిన్న రాయి కూడా పెట్టిస్తానంది.

ఆ సాయంత్రం యాకమ్మ నన్ను గేటు దగ్గర ఆపింది. "పేరు పెట్టిందట గద. ఏం పేరు?"

"ఆలిస్."

పెదవులు కదిపి ఒకసారి చప్పుడు లేకుండా అనుకుని చూసుకుంది. "మంచిగనే ఉన్నది" అని వెళ్ళిపోయింది.

కాళ్ళ దిక్కున గడ్డపార పడలేదు. నా అబద్ధం అంతవరకు పనిచేసింది. కానీ అబద్ధాన్ని నేను మొదలు పెట్టగలను గానీ, అది ఎక్కడ ఆగాలో చెప్పలేను. బిడ్డ కూడా దొరదే కనుక రెయిలింగును ఇంకొంచెం జరిపి ఆ చిన్న రాయిని లోపలికి కలిపారు. ఛాతీ ఎత్తు ఇనుప చువ్వలు. దానికొక గేటు, గేటుకు తాళం, తాళంచెవి దేవదానం దగ్గర. సున్నం గీకేసరికి దొర అక్షరాలన్నీ బయటపడ్డాయి, నిన్న చెక్కినట్టు. పక్కన ఒక బోర్డు పెట్టారు: సున్నం, రంగులు వేయరాదు, తినే వస్తువులు పెట్టరాదు. వాళ్ళ ఊళ్ళో పద్ధతి అదేనట.

మొన్న ఈస్టర్‌కు ముందు గురువారం యాకమ్మ ఎప్పటిలాగే బకెట్టు, కుంచె పట్టుకుని వచ్చింది. బోర్డు ఆమెకు చదవరాదు. తాళం చదవనవసరం లేదు. దేవదానం చూసి దగ్గరికి వచ్చాడు. మర్యాదగానే చెప్పాడు.

"యాకమ్మా, ఇగ దీనికి సున్నం వద్దు. ఇది హెరిటేజ్ అయింది. ఇన్నేండ్లు చేసినవు, దేవుడు చూసిండు. నీకు ఫికర్ తప్పింది."

"జర తీయి సారూ. కాళ్ళ దిక్కు ఒక్క చెయ్యి ఏసి వస్త."

"మేడమ్‌కు ఫొటోలు పంపాలె. మచ్చ పడితే నన్నడుగుతది."

అతను వెళ్ళాక ఆమె చువ్వల మధ్య నుంచి చేయి చాపింది. అందలేదు. ఇంకో వైపు తిరిగి వెళ్ళి చాపింది. అక్కడా అందలేదు. కొంగు ముడి విప్పి పేలాలు లోపలికి విసిరింది. అవి బండల మీద చెదిరిపోయాయి. ఉడుతలు దిగాయి. చుట్టూ అందరూ తమ వాళ్ళ సమాధులకు సున్నం వేసుకుంటున్నారు, పిల్లలు బంతిపూలు పరుస్తున్నారు. ఆమె బకెట్టు పక్కన కూర్చుని ఉంది. సాయంత్రానికి ఆ సున్నం పైన పొర కట్టింది.

నేను ఇంటికి వెళ్ళలేకపోయాను. చర్చి ఆఫీసులోకి వెళ్ళి, దేవదానానికి మొదటి నుంచి చివరిదాకా ఉన్నది ఉన్నట్టు చెప్పాను. తాళంచెవి ఒక్క గంట ఇస్తే చాలన్నాను. మొదట నవ్వాడు. తర్వాత నా ముఖం చూసి నవ్వడం మానేశాడు.

"నిజమా అంకుల్?"

"నిజం."

"నిజమైతే నేను కమిటీల పెట్టాలె. పెడితే వాళ్ళు తీపిస్తరు. ఊరికి తీస్కపొమ్మంటరు. మా తమ్ముని బిడ్డ పోతే ఇక్కడ జాగ లేదని ఊరవతల పెట్టినం. బాప్తిస్మమైన బిడ్డ. మా మరదలు ఇప్పటికీ నాతోని మాట్లాడది. ఆమెకు నేనేం చెప్పాలె? ఆ మేడమ్‌కు ఏం చెప్పాలె?" అతను విసురుగా లేచాడు. కోపమో, ఇంకేమో. గుమ్మం దగ్గరికి వెళ్ళి కేక వేశాడు. "యాకమ్మా! ఇటు రా."

ఆమె వచ్చింది. చేతులకు సున్నం ఆరి తెల్లగా ఉంది. గడప బయటే నిలబడింది.

"ఆ చిన్న రాయి కింద ఉన్నది నీ బిడ్డ అంటాండు ఈ ఫ్రాన్సిస్ అంకుల్. నిజమేనా? నిజమైతే చెప్పు. తీసి మీ ఊళ్ళె పెట్టుకుందువు."

యాకమ్మ నా వైపు చూసింది. ముప్పై ఏళ్ళలో ఆమె నన్ను అలా చూడటం అదే మొదటిసారి. తర్వాత దేవదానం వైపు తిరిగింది.

"నాకు బిడ్డలు యాడ పుట్టిండ్లు సారూ? గొడ్రాలిని. వాడకట్టంత ఎరుకే."

"మరి ఇన్నేండ్లు సున్నం ఎందుకేసినవు?"

"దొరకు ఎవలు లేరని ఏసిన. అప్పటి పాస్టరు సారు మైకుల గూడ చెప్పిండు గద."

"పేలాలు?"

"ఉడుతలకు."

దేవదానం నా వైపు తిరిగాడు. నేను నోరు తెరిచాను. యాకమ్మ నన్ను మాట్లాడనివ్వలేదు.

"పులిని టికెట్ అడిగిండ్లని చెప్పే మనిషి సారూ ఈ పెద్దయ్య. ఈయన మాట పట్టుకోని నన్ను పిలుస్తరా? గా బిడ్డ దొర బిడ్డ. రాయి మీద రాసున్నది గద. నాకు ఏ బిడ్డా లేదు. ఈయన చెప్పింది అంత ఉత్తదే."